డెబ్బై ఒకటో వరస

నంబర్లు అయిపోయాయని టెలిఫోను ఆఫీసులో సెమీసి చెప్పినప్పుడే నాకు అనుమానం వచ్చింది. పిండి అయిపోతుంది, కిరసనాయిలు అయిపోతుంది. అంకెలు అయిపోవడమేమిటి?

"అయిపోయాయంటే అయిపోయాయి మెలియానే అక్కా. మన దీవులకి ఇచ్చింది ఏడు. దాని పక్కన సున్నా. ఆ తర్వాత మిగిలేది మూడంకెలు. మూడంకెలతో ఎన్ని నంబర్లొస్తాయో లెక్కేసుకో. వెయ్యి. అంతకు మించి ఒక్కటి కూడా పుట్టదు."

"మన నేయాఫు ఊళ్లో వెయ్యి ఫోన్లెక్కడున్నాయిరా? నా చెవిలో పువ్వు పెడుతున్నావా?"

"ఫోన్లు లేకపోయినా నంబర్లు పోతాయక్కా. ఆసుపత్రికి ఒక కట్ట, రేవుకి ఒక కట్ట, స్కూళ్లకి ఒక కట్ట పక్కన పెట్టేశారు. వాళ్లు వాడేది నాలుగే, మిగతావి ఇంకోళ్లకి ఇవ్వకూడదు. ఎవరైనా ఫోను తీసేయించుకుంటే ఆ నంబరుని కొన్నాళ్లు ఊరికే ఉంచాలి. అందుకే ఇప్పుడు డెబ్బై ఒకటో వరస తెరిచాం. అందులో మళ్లీ వెయ్యి."

డెబ్బై వరసలో మంచి నంబర్లన్నీ పడవల షావుకార్ల కోసం సొరుగులో దాచాడని నాకు గట్టి నమ్మకం. నా మొహం చూసి వాడు బుజ్జగింపుగా నవ్వాడు.

"మీ అన్నయ్య నంబరు చివర మూడు నాలుగు ఆరు కదా? కొత్త వరసలో నీకూ అదే ఇస్తా. ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది."

సరేనన్నాను. ఆ ఫోను ఎవరి కోసమో వాడికి చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. మోసేసే అనే అతని కోసం. భార్య పోయి నాలుగేళ్లైన మనిషి, మా రేవులోనే పెరిగినవాడు, ఇప్పుడు రాజధాని నుకుఅలోఫాలో ఓడల మీద సరుకు ఎత్తించే పని. దగ్గర దగ్గర నలభై ఏళ్లొచ్చిన నన్ను, చర్చి ముందు రొట్టెలమ్ముకునే నన్ను, పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు. ఆలోచించుకోవాలి అన్నాను. "శుక్రవారం సాయంత్రాలు అక్కడి రేవులో ఉన్న కార్డు ఫోన్నించి చేస్తాను. నువ్వు ఔనన్న రోజున పెద్దల్ని తీసుకుని ఓడెక్కుతాను" అన్నాడు. ఓడ కదులుతుంటే కిందనుంచి అరిచాను, మూడు నాలుగు ఆరు అని. మా ఊళ్లో అందరం చివరి మూడే చెప్పుకుంటాం. ముందున్నది అందరిదీ ఒకటే అయినప్పుడు చెప్పడం దేనికి?

మొదటి శుక్రవారం ఫోను మోగలేదు. రెండో శుక్రవారమూ మోగలేదు. రిసీవరు ఎత్తి చూస్తే బుయ్యిమంటూ బాగానే ఉంది. మూడో వారానికి నాకు ఒళ్లు మండిపోయింది. మోసేసే నన్ను ఆట పట్టించాడనిపించింది, ఏడ్చాను కూడా. ఏడుపు అయ్యాక సెమీసి మీద అనుమానం వచ్చింది. నేరుగా ఆఫీసుకి వెళ్లాను.

"ఏం నంబరిచ్చావురా నాకు? చచ్చిన నంబరా?"

"కొత్త వరసక్కా, ఎవరూ వాడనిది. నువ్వు నంబరు పూర్తిగా చెప్పావా లేక..."

"నా నంబరు నాకు చెప్పొచ్చావా? నీ వరసలూ నువ్వూ!" అని తలుపు విసిరేసి వచ్చేశాను. అప్పుడు కాస్త నోరు మూసుకుని వినివుంటే బాగుండేది. అది నా వల్ల అయ్యే పని కాదు.

ఆ వారమే వదిన ఫూసి మా రెండిళ్ల మధ్య కంచె దగ్గరికి వచ్చింది. చేతిలో సగం అల్లిన చాప ఉంది, మొహం మాడిపోయి ఉంది.

"మీ అన్నయ్యకి ఎవత్తో తగులుకుంది ఆడపడుచూ."

"మా పౌలియాసి అన్నయ్యకా? పందులు తప్ప ఇంకెవరూ ఆయన మొహం చూడరు వదినా."

"నవ్వకు. నేను పాటల సాధనకి చర్చికి పోయే రోజు చూసుకుని ఫోనొస్తోంది. మొన్న దుప్పటి మరిచిపోయి వెనక్కొచ్చి నా కళ్లారా చూశాను. హలో అన్నాడు. మొహం జేవురించింది. టక్కున పెట్టేసి పందుల దొడ్లోకి పోయాడు. రాత్రి అన్నం కూడా ముట్టలేదు."

"ఏ రోజు?"

"శుక్రవారం."

నా నవ్వు ఆగిపోయింది. శుక్రవారం! చిక్కుముడి అంతా విడిపోయినట్టే అనిపించింది. ఇద్దరికీ ఒకే చివరంకెలు ఇచ్చే నెపంతో సెమీసి రెండు తీగలూ కలిపేశాడు. కలపమన్నది మా అన్నయ్య. చెల్లెలికి ఈ వయసులో పెళ్లేమిటని నా కాల్సన్నీ మధ్యలో నొక్కేస్తున్నాడు. ఈ మధ్య నేను ఎదురైతే దారి మార్చుకుంటున్నాడు కూడా. ఇంకేం సాక్ష్యం కావాలి?

అన్నయ్యని నేరుగా అడగడానికి లేదు. మా దగ్గర అన్న ఎదుట చెల్లెలి పెళ్లి మాటగానీ, మగవాడి మాటగానీ ఎవరూ ఎత్తరు. రేడియోలో వలపు పాట వస్తే, ఇద్దరూ ఒకచోట ఉన్నారంటే, ఒకరు లేచిపోవలసిందే. అందుకని శుక్రవారం సాయంత్రం వాళ్ల వంటపాకలో, పాటల సాధన మానేసిన వదిన పక్కన, చేమ ఆకుల్లో మాంసం పొట్లాలు కడుతూ కాపు కాశాను. వదినా నేనూ దొంగని పట్టుకోవడానికే కూర్చున్నాం, కాకపోతే ఇద్దరి దొంగలూ వేరు.

ఫోను మోగింది. ఇంట్లో అన్నయ్య ఎత్తాడు. నేను గబగబా గుమ్మంలోకి వెళ్లాను. నన్ను చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి పెట్టేయలేదు. రిసీవరుని చాప మీద మెల్లగా పడుకోబెట్టి, నా వైపు చూడకుండా వెనక తలుపులోంచి బయటికి పోయాడు. మరుక్షణం పెరట్లోంచి కొబ్బరి తురుముతున్న చప్పుడు, గట్టిగా, మొదలైంది.

రిసీవరు అందుకున్నాను.

"అయ్యా, మీకు దణ్ణం పెడతాను, ఈసారి పెట్టేయకండి" అంటున్నాడు మోసేసే. "మెలియానేని ఒక్కసారి..."

"నేనే."

"నువ్వా! నాలుగు వారాల్నుంచి చేస్తున్నాను. ఆయన మాట్లాడకుండా పెట్టేస్తాడు. నీకిష్టం లేక పెట్టించేస్తున్నావనుకున్నా."

"ఏం నంబరు నొక్కావు?"

"నువ్వు చెప్పిందే. మూడు నాలుగు ఆరు. ముందు డెబ్బై."

"డెబ్బై అని ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? నేను పుట్టిందే ఆ రేవులో. మన ఊరికి డెబ్బై కాక ఇంకేముంది?"

డెబ్బై వరసలో ఆ మూడంకెలూ అన్నయ్యవి. తీగలు ఎవరూ కలపలేదు. నా కాల్సు ఎవరూ దొంగిలించలేదు. నా పేరు ఒక మగవాడి నోట విని మా అన్నయ్య ప్రతి వారం సిగ్గుతో చచ్చిపోయాడు. నాతో చెప్పలేక, భార్యతో చెప్పలేక, అన్నం మానేశాడు. నేను ఆయన్ని దొంగని చేశాను.

"మెలియానే, విను" అన్నాడు మోసేసే. "న్యూజిలాండ్ చేపల ఓడలో పనికి రేపు పొద్దున సంతకం పెట్టమన్నారు. పెడితే రెండేళ్లు రాను. కార్డులో డబ్బు ఇంక కాస్తే ఉంది. ఔనో కాదో చెప్పెయ్."

ఔననబోయాను. అన్నయ్య ఇంట్లో, అన్నయ్య ఫోనులో, ఆయన గోడ అవతల ఉండగా, ఆ మాట ఎలా అంటాను?

"పెట్టేయ్. పెట్టేసి మళ్లీ చెయ్" అన్నాను. బుద్ధి తెలిశాక మొదటిసారి ఒక నంబరుని మొత్తం చెప్పాను. "ఏడు. ఒకటి. మూడు. నాలుగు. ఆరు. ముందు ఏడు, ఒకటి. విన్నావా? సున్నా కాదు!"

వెనక తలుపులోంచే పరుగెత్తాను, దగ్గర దారి అదే. వదిన "ఎవత్తే అది?" అని కేక వేస్తూనే ఉంది. అన్నయ్య తురుము పీట మీద వంగి కూర్చున్నాడు, నా వైపు వీపు పెట్టి. పక్కనుంచి పోతూ ఆయన చేతిలోకి చూశాను. చిప్పలో కొబ్బరి అణువంత కూడా లేదు. తెల్లదనం ఎప్పుడో అయిపోయింది. ఉత్త పెంకుని ఇనప పళ్లకేసి పెద్ద చప్పుడు చేస్తూ గీకుతున్నాడు. మా మాటలు తన చెవిన పడకుండా.

కంచె దాటేసరికి మా ఇంట్లో ఫోను మోగుతోంది. హలో అనలేదు, ఎవరని అడగలేదు.

"ఔను" అన్నాను.

కంచె అవతల పెంకు చప్పుడు ఆగలేదు. అన్నయ్య చాలాసేపు గీకుతూనే ఉన్నాడు.