కింది వరస

లోవరాజు మెట్ల కింద గది తలుపు తోసి ముందుగా గోడ తడిమాడు. చెమ్మగా ఉంది. గోడకు బిగించిన ఇనుప పెట్టెలో రెండు వరసల కన్నాలు, ఒకటీ అరా తప్ప కన్నానికో వైరు, వైరుకో పచ్చ దీపం. అమలాపురంలోని ఆ నర్సింగ్ హోమ్‌కి కంప్యూటర్లు వచ్చాక, ఊడ్చే పనితో పాటు ఈ దీపాలు చూసే పనీ అతని నెత్తిన పడింది. ఎవరూ నేర్పలేదు. దీపం వెలిగితే సరే, ఆరితే హైదరాబాదుకి ఫోను చెయ్యాలి. అతనికి తెలిసింది అంతే.

ఆ ఉదయం కింది వరసలో ఒక దీపం ఆరి ఉంది. లోపలి వార్డులో అతని అప్ప, తోడబుట్టిన పెద్దింట్లమ్మ మంచానిది. ఉప్పలగుప్తం నుంచి చేపల తట్టతో ఊళ్లు తిరిగిన మనిషి, గుండె పట్టేసి నిన్న వచ్చి పడింది. మంచం దగ్గరి మిషను గంట ఎప్పుడో మూగబోయింది. అప్ప గుండె లయ తప్పితే మోగాల్సింది నర్సుల బల్ల దగ్గరే. ఆ కబురు వెళ్లేది ఈ వైరు వెంటే.

హైదరాబాదు ఫోను కలవలేదు. ఆగలేక వైరు పీకి పై వరసలో ఖాళీ కన్నంలో పెట్టాడు. దీపం వెలిగింది. అప్పుడు హైదరాబాదు ఇంజనీరు అనిల్ కుమార్ ఫోనులో దొరికాడు. వాన హోరుకి సెల్లు గరగరలాడింది.

"కింది వరసలోనే ఇంకో దాంట్లో పెట్టండి. పైన వద్దు. పెట్టారా?"

"ఆయ్."

"లైటు వచ్చిందా?"

"ఆయ్, వచ్చిందండి."

వినపడని చోటల్లా ఆయ్ అన్నాడు. చదువుకున్నవాళ్లు మాట్లాడుతుంటే అతని పేటలో అందరూ అలాగే అంటారు.

నర్సు జ్ఞానమ్మ కాన్పుల గదికి పోతూ అడిగింది. "మీ అప్పగారి గుండె గీతలు తెర మీదకొస్తాయాండీ?"

"దీపం వచ్చిందమ్మా. అవీ వస్తాయి."

అప్ప కళ్లు తెరిచి ఉంది. "ఈ తీగలేంట్రా, వలలో మట్టగిడసలా పడున్నాను."

"మాట్లాడకే అప్పా."

"మాట్లాడకపోతే ఉన్నానో పోయానో నీకెలా తెలుస్తుందిరా?"

అతను నవ్వలేదు. కాకినాడలో పెళ్లాం పోయినప్పుడు అతను మందుల కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. ఆ పిలవనివాళ్లలో ఒక్కరినీ ఇప్పటికీ క్షమించలేదు.

మధ్యాహ్నం బల్ల దగ్గర తుడుస్తూ తెర వైపు చూశాడు. మిగతా మంచాల గీతలు కదులుతున్నాయి. అప్ప గడి మాత్రం బూడిదరంగులో ఉంది. మెట్ల కిందికి దిగాడు. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. అది వెలుగుతున్నందుకే ఎక్కువ భయం వేసింది. మళ్లీ అనిల్ కుమార్‌కి ఫోను చేశాడు.

"దీపం ఉందండీ. గీత రావట్లేదు."

"ఏ వరస?"

"పైదండీ."

"పై వరస బిల్లుల ఆఫీసుది. పెట్టె ఒకటే గానీ లోపల రెండుగా విడగొట్టాం. ఈ వరస మాట ఆ వరసకి చేరదు. లైటంటే వైరు తగిలిందని, అంతే. పొద్దున్న కింద పెట్టారా అంటే ఆయ్ అన్నారు కదా?"

"వింటున్నానన్నానండీ."

లోవరాజుకి ఇక విడమరచనక్కర్లేదు. అతని ఊరూ ఒకటే, కాలువా ఒకటే. వాళ్ల పేటలో చావు పై వీధికి ఏనాడూ వినపడలేదు. పొద్దుటి నుంచి అప్ప గుండె బిల్లులవాళ్ల వీధిలో తలుపులు తడుతోంది.

వైరు ఓ పట్టాన ఊడలేదు. పళ్లు బిగించి లాగి కింది వరసలో ఇంకో కన్నంలో గుచ్చాడు. అదే పచ్చ దీపం.

పరుగెత్తలేదు. పరుగెడితే నిజమైపోతుందనిపించింది.

కాన్పుల గది నుంచి తిరిగొచ్చిన జ్ఞానమ్మ తెర ముందు నిలబడి ఉంది. "గీత వచ్చిందండీ లోవరాజు గారూ," అని ఆగిపోయింది.

వచ్చింది. ఎక్కడా వంపు లేకుండా, తిన్నగా వచ్చింది. అప్పుడు మోగింది గంట.

డాక్టరు లోపలికి వెళ్లాడు, బయటికి వచ్చాడు. సాయంత్రానికి మంచం ఖాళీ అయింది. ఆసుపత్రి తలగడ మెత్తన ఎక్కువని పెద్దింట్లమ్మ నిన్ననే పక్కకి నెట్టేసింది. ఆ చోట, తట్ట కింద నెత్తిన పెట్టుకునే గుడ్డచుట్ట ఉంది, నడుమ ఆమె తల పట్టినంత గుంటతో.