గడి నిండాక

"మెషిన్ ఆగి అరగంటయిందమ్మా. బట్టలెవరు తీస్తారు?" అంది అత్తగారు, ఆ మెషిన్ పక్కనే కుర్చీ వేసుక్కూర్చుని.

ఎవరు తీస్తారో ఆవిడకు తెలియదా ఏం? కోడలు స్టవ్ తగ్గించి వెళ్లి తీసింది. తడివి బకెట్లో, ఆరినవి సోఫా మీద, ఇస్త్రీ చేయాల్సినవి బల్ల మీద. ఈ ఇంట్లో ప్రతి పనీ ఎవరో మొదలుపెట్టి సగంలో వదిలేస్తారు. భర్త మెషిన్ స్విచ్ నొక్కుతాడు. ఆ ఒక్క నొక్కుడుకే, బట్టలు తనే ఉతుకుతానని చుట్టాలందరికీ చెప్పుకుంటాడు. కూతురు ఆరినవి తెచ్చి కుప్ప పోసిపోతుంది. మిగతాదంతా ఆమె నెత్తినే.

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను తాత్కాలికంగా కుట్టు లైన్ ఇన్‌చార్జిగా పెట్టి నెలయింది. ఆ పని పూర్తిగా ఒప్పుకుంటుందో లేదో రేపు పొద్దున మేనేజరుకు చెప్పాలి. "ఇంట్లో నాలుగు బట్టలు మడతపెట్టడమే తెమలదు నీకు, అక్కడ నలభైమందిని నడుపుతావా? వద్దని చెప్పెయ్" అన్నాడు భర్త నిన్న. అప్పుడామెకు ఒళ్లు మండింది గానీ, ఇవాళ ఫ్యాక్టరీలో జరిగింది చూశాక ధైర్యమే సడలింది.

కాలర్ కుట్టేవాళ్లకీ, దాన్ని చొక్కాకు అతికించేవాళ్లకీ మధ్య నేల మీద ఆమే పసుపు గడి గీయించింది. అందులో ఐదు కాలర్ కట్టలే పట్టాలి. గడి నిండితే కాలర్ వాళ్లు కుట్టడం ఆపి, అతికించేవాళ్లకు సాయం వెళ్లాలి. నెలంతా గడిలో నాలుగు కట్టలు దాటలేదు. లైన్ ఎంత బాగా నడుస్తోందో అని మురిసిపోయింది. తీరా ఇవాళ ఒక కాలర్ పొట్టిగా ఉందని అతికించే అమ్మాయి పిలిచి చూపిస్తే, వెతకగా వెతకగా కాలర్లు కుట్టే అక్క మెషిన్ కింద పదిహేడు కట్టలు దొరికాయి. అన్నీ పొట్టివే. దాచకుండా గడిలోనే పెట్టి, నిండగానే ఆపి ఉంటే తప్పు ఐదు కట్టలతోనే బయటపడేది.

"ఎందుకు దాచావక్కా?"

"ఊరికే కూర్చుంటే పనికిరాని మనిషంటారని భయమేసిందమ్మా. చేతులు ఆడుతుంటే ఎవరూ ఏమీ అనరు కదా."

సాయంత్రం దాకా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కుట్లు విప్పారు.

"రేపు మీటింగుంది. నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?" ఇంట్లో పక్క గదిలోంచి భర్త కేక.

ఆమె చేయి అలవాటుగా ఇస్త్రీపెట్టె మీదకు వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. పదకొండేళ్లుగా తను చేస్తున్నదీ ఆ కాలర్ల అక్క చేసిందే కదా. అందరూ వదిలేసిన సగం పనులు వాళ్లు లేచేలోపు చక్కబెట్టేసి, ఇల్లు దానంతటది నడుస్తున్నట్టు చూపించింది. కుప్ప ఎవరి కంటా పడలేదు. కనబడని కుప్పను చూసి ఇంక ఎవరాగుతారు?

ఆరిన బట్టలన్నీ ఎత్తుకొచ్చి హాల్లో, అందరూ నడిచేచోట పోసింది.

"ఏంటిది, దారికడ్డంగా?" అన్నాడు భర్త.

"మీరు ఉతికినవే. ఇవి మడతపడేదాకా మెషిన్లో కొత్తవి వెయ్యొద్దు. మీ చొక్కా అందులోనే ఉంది, తీసుకోండి."

"మరి నువ్వేం చేస్తావు?"

"రేపు మేనేజరుకు ఒప్పుకుంటానని చెప్తున్నాను" అంది ఆమె. కుప్పకెదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఖాళీ చేతులు రెండూ అందరికీ కనబడేలా ఒళ్లో పెట్టుకుంది.