కోళ్ల గూటి కాపలా

రోజూ పొద్దువాలే వేళకి కోడలు కుట్టుమిషను ఆపి పెరట్లోకి వెళ్లేది. పదకొండు కోళ్లనీ గూట్లోకి తోలి, గడియ పెట్టి, ఆ గడియకి మళ్లీ ఇనపతీగ చుట్టి వచ్చేది. బల్లి కనపడితే మంచమెక్కే మనిషి. ఒక్క గడియని ఏం నమ్ముతుంది!

గూటి ముందు మామగారి నీడ నిలబడి ఉండేది. ఆయన ముప్పై ఎనిమిదేళ్లు ఒక గోడౌన్‌కి వాచ్‌మన్‌గా చేశారు. రిటైరై వచ్చాక ఆయన పడక్కుర్చీలో కూర్చున్నారు గానీ నీడ కూర్చోలేదు. తిన్నగా పెరట్లోకి పోయి, గూటి తలుపుకి వీపు ఆనించి, గేటు వైపు చూస్తూ నిలబడిపోయింది. పాలవాడు దాన్ని తొక్కకుండా ఒక అడుగు పక్కకేసి నడిచేవాడు, అంతే.

ఓ మంగళవారం పొద్దున్నే చూస్తే రెండు పెట్టలు లేవు. గూటి వెనక తీగ జాలీ కింద మట్టి తవ్వి ఉంది, పిల్లి దూరేంత కన్నం. అంతవరకైతే కోడలు ఏడ్చి ఊరుకునేది. కానీ నీడకి ఎడమచెయ్యి మోచేతి దాకా లేదు. అంచు చూస్తే కొరికినట్టే ఉంది.

లోపల మామగారి చేతిలోంచి టీ గ్లాసు జారిపడింది. "చెయ్యి తిమ్మిరెక్కిందమ్మా," అన్నారు.

మర్నాటికి ఇంకో పెట్ట పోయింది. నీడకి ఎడమకాలు లేదు. మామగారు మంచం దిగలేకపోయారు. డాక్టరు వచ్చి నాడి చూశాడు, పెరట్లోకి వెళ్లి నీడనీ చూశాడు.

"మందేం రాయను. ముందు ఆ కన్నం సంగతి చూడండి. గుండె దాకా కొరికిందంటే ఇంక నా చేతుల్లో ఉండదు."

భర్త లారీ మీద పోయాడు, ఇంకో నాలుగు రోజులకి గానీ రాడు. కోడలు పరుగున ఇనప సామాన్ల కొట్టుకి వెళ్లింది.

"మీరు వేసింది కోళ్ల జాలీ కదమ్మా," అన్నాడు కొట్టతను. "అది కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది. బయటిదాన్ని లోపలికి రాకుండా ఆపదు. ఈ మందపాటి మెష్ తీసుకెళ్లి, గూటి మొదట్నించి బయటికి రెండడుగులు నేలమీద పరిచి, పైన మట్టి కప్పండి. తవ్వే జంతువు గోడ పక్కనే తవ్వుతుంది. వెనక్కి జరిగి తవ్వాలన్న బుద్ధి దానికి పుట్టదు."

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయన్నట్టు ఉంది నా పని అని తిట్టుకుంటూ ఆమె రోజంతా పలుగుతో తవ్వింది. చేతులు బొబ్బలెక్కాయి. మూడువైపులా అయ్యేసరికి పొద్దు వాలింది. వెనకవైపు ఇంకా నాలుగడుగులు మిగిలాయి. ఆమె మామగారి మంచం దగ్గరికి పరుగెత్తింది.

"మావయ్యా, అది వెనకనించి వస్తోంది. మీ నీడని అటు తిరగమనండి."

"గేటు మీంచి చూపు తిప్పదమ్మా. దొంగ గేటులోంచే వస్తాడని కదా నేను దానికి నేర్పింది!"

"పోనీ లోపలికి పిలవండి. కోళ్లని వంటింట్లో పెట్టుకుందాం."

"ఖాళీ గోడౌన్‌కి కూడా రెండేళ్లు కాపలా కాశాను," అన్నారాయన నీరసంగా. "కోళ్లున్నాయా లేవా అని కాదు. తన చోటికి రిలీవరు రాకుండా డ్యూటీ దిగదు."

అప్పుడే పెరట్లో మట్టి గీకుతున్న చప్పుడు వినిపించింది. కోడలు పారిపోదామనే అనుకుంది, అబద్ధమెందుకు. కానీ మామగారి పెదాలు నల్లబడుతున్నాయి. ఆమె వెళ్లి ఆ సగం తిన్న నీడ ముందు నిలబడింది.

"నేనొచ్చాను," అంది. "మీరు వెళ్లండి."

నీడ కదల్లేదు. అవును మరి, మాట చెబితే చాలదు, చోటులో నిలబడాలి. ఆమె గూటి వెనక్కి వెళ్లి, కన్నానికి ఎదురుగా నిలబడింది. వాలుపొద్దులో ఆమె నీడ కన్నం మీదుగా, గూటి మీదుగా పొడుగ్గా పడింది. అప్పుడు పాత నీడ ఒంటికాలితో ఈడ్చుకుంటూ ఇంట్లోకి వెళ్లిపోయింది.

కన్నంలోంచి తడి ముక్కు ఒకటి బయటికొచ్చింది. పళ్లు కనిపించాయి. ఆమె కళ్లు మూసుకోలేదు. ఆ జంతువు ఆమె నీడని చాలాసేపు వాసన చూసి, బయటికి పాకి, పక్కకి తప్పుకుని, పెరటి గోడ దూకి పోయింది.

"అమ్మా, కాలు కదులుతోంది," అని లోపల్నించి మామగారు పిలిచారు.

మిగిలిన నాలుగడుగులూ పరిచేసి ఆమె లోపలికొచ్చింది. గుమ్మంలో దీపం వెలుగు మీద పడినా, వెనక నేలమీద నీడ పడలేదు. అది గూటి వెనకే నిలబడిపోయింది.

భయం పోయిందా అంటే, లేదు. ఇప్పటికీ పొద్దువాలితే, మిషను తొక్కుతున్న ఆమె మడమకి వెచ్చటి ఊపిరి తగులుతుంది. ఆమె "ఎవరదీ?" అని మొరటుగా ఒక కేక వేస్తుంది. పెరట్లో గీకుడు ఆగిపోతుంది. పక్కగదిలో మామగారికి ఆ గొంతు బాగా తెలుసు. ముప్పై ఎనిమిదేళ్లు గోడౌన్ దగ్గర అది ఆయనదే. ఆయన గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంటారు.