మెట్టు లేని చోట

కుడికాలు మళ్ళీ సీటుకే తగులుకుంది. చెప్పు ఊడి, వాకిలి ముందున్న మురిక్కాలువలో పడింది.

"దీని జిమ్మడిపోను!" అన్నాడు జానెడు. తిట్టింది బండినో, కాలినో, చెప్పునో అతనికే తెలీదు.

వంగి చెప్పు తీశాడు. దాంతోపాటు జుట్టు ఉండ ఒకటి, కుళ్ళిన తొక్కలు నాలుగు వేలాడుతూ వచ్చాయి. యాక్. గోడకేసి రెండు దెబ్బలు కొట్టి, తడి చెప్పులోనే కాలు పెట్టాడు. వేళ్ళ మధ్య జారుడుగా ఏదో నలిగింది. మామూలు రోజయితే గుమ్మం మెట్టు మీద నిలబడి, బండిని మెట్టు పక్కకి లాక్కుని, వీధిలో ఎవరూ లేనప్పుడు ఎక్కేసి వెళ్ళిపోయేవాడు. ఇవాళ మెట్టుకి దూరంగా నేల మీంచి ఎక్కడం సాధన చేస్తున్నాడు. సాయంత్రం పరీక్ష ఉంది.

గుమ్మంలో భార్య జడ అల్లుకుంటోంది. లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి, ముంజేతుల నిండా కాలిన మచ్చలు. మొగుడు బండెక్కేటప్పుడు మొహం తిప్పుకోవడం ఆమెకి ఏనాడో అలవాటైంది. చూస్తే గొడవ, నవ్వితే ఆ పూట ఇంట్లో మాటల్లేవు. ఇవాళ మాత్రం ఉండబట్టలేక నోరు తెరిచింది.

"ఏమయ్యా, కాలు అలా విసరకు. ముందు మోకాలు గుండెల దాకా తెచ్చుకో. తర్వాత మెల్లిగా పాదం దాటించు."

"నువ్వెప్పుడెక్కావే బండి, నాకు చెప్పడానికి?"

"బండెక్కకపోతేనేం, రోజూ మంచమెక్కుతున్నాగా, నీ కాళ్ళు దాటుకుని. ఎప్పుడన్నా తగిలానా?"

గోడవైపు పడుకునేది ఆమె. ఇల్లు సర్దుకుని వచ్చేసరికి అతను అడ్డంగా పడి ఉంటాడు. మెట్టు పక్కకే బండి నెట్టుకెళ్ళి, ఎప్పట్లాగే ఎక్కి వెళ్ళిపోయాడు.

అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గాని, పిలిచేవాళ్ళు లేక దానికి తుప్పు పట్టింది. షెడ్డులో చేరిన రోజే ఎవడో జానెడు అన్నాడు, అదే ఖాయమైంది. చేసేది నూనె పని. తలమీద పోసుకునేదీ కాదు, దీపానికి పోసేదీ కాదు. హోటళ్ళలో వేయించీ వేయించీ నల్లబడి, ఇంక పొయ్యి మీద పెడితే కళ్ళు మండే నూనెని వెనక వాకిళ్ళ దగ్గర డబ్బాల్లోకి వొంపుకుని షెడ్డుకి చేర్చాలి. అక్కణ్ణించి అది సబ్బుల వాళ్ళకి పోతుంది. ముందు వాకిలి నుంచి వెళ్ళి కమ్మగా తిని వచ్చేవాళ్ళు ఒక్కసారి వెనక వాకిలికి వస్తే ఆ పూట పస్తే.

డబ్బాల కోసం సీటు వెనక పొడవాటి ఇనుప చట్రం బిగించారు. అందుకని అందరిలా వెనక నుంచి కాలు తిప్పి ఎక్కడానికి లేదు. ట్యాంకుకీ చట్రానికీ మధ్య ఉన్న జాగాలోంచే కాలు దాటించాలి. సీటు అతని బొడ్డు కంటే పైకి ఉంటుంది. తుంటి చూస్తే బిగుసుకుపోయిన తలుపు బందు. ఎడమకాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టి లేవాలంటే దాని మీదా నూనే, చెప్పు అడుగునా నూనే. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుంది వ్యవహారం.

పోనీ ఆ బండిని ఎవరన్నా అతని మెడకి కట్టారా అంటే అదీ లేదు. యజమాని పాత బండ్లు మూడు కొని షెడ్డులో నిలబెట్టి, ఏది కావాలో చూసుకోండి అంటే, అందరికంటే ముందు వెళ్ళి అన్నిట్లోకీ ఎత్తయినదాని మీద చెయ్యేసింది జానెడే. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందిట అని అందరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుకే పంతం వచ్చింది. ఒకసారి ఎక్కి కూచుంటే బస్సు కిటికీల్లో మొహాలు ఎదురుగా కనిపించేవి. జనం నడినెత్తులు ఎలా ఉంటాయో పుట్టి బుద్ధెరిగాక అప్పుడే చూశాడు. అప్పట్లో తుంటి చెప్పిన మాట వినేది.

తుంటి బిగుసుకోవడం మడ్డిగది ఇచ్చిన ఆస్తి, ఆలస్యంగా చేతికొచ్చింది. తెచ్చిన నూనెంతా షెడ్డు వెనక గదిలో తొట్లలో పోస్తారు. పైన తేట తేలుతుంది, అడుగున మడ్డి దిగుతుంది. ఆ మడ్డిని గొంతుక్కూచుని రేకు ముక్కతో గీకి ఎత్తాలి. బొద్దింకలు, ఎలుక తోకలు, కాలిన పిండి ముద్దలు, ఎవరో వేలికి కట్టుకున్న పట్టీ, ఏదైనా రావచ్చు అందులోంచి. బండి రాకముందు జానెడు ఏళ్ళ తరబడి చేసింది ఆ పనే. కంపు చర్మంలోకి దిగేది. సబ్బు అరగదీసినా పోయేది కాదు. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే చేతివాసనకి మళ్ళీ కంచంలోనే పెట్టేసేవాడు. ఆ రోజుల్లో భార్య చాప తీసుకెళ్ళి గుమ్మం దగ్గర వేసుకునేది. ఒక్కనాడూ కంపు అనలేదు. "ఇక్కడ గాలాడుతుందయ్యా" అనేది. అతను బండి మీదికి మారి, ఎండా గాలీ తగిలి ఒళ్ళు ఆరాక, ఒక రాత్రి ఆమె చాప చుట్టి మూలన నిలబెట్టి మంచం మీదికొచ్చింది. జానెడుకి బండి అంటే అదీ.

ఇప్పుడు అది పోయేలా ఉంది. షెడ్డులో కాటా గట్టు పక్కన బండి ఆపుకుని ఎక్కేవాడు ఇన్నాళ్ళూ. కిందటివారం కాటాని లోపలి గదిలోకి మార్చి గట్టు కొట్టేశారు. తూకం అయిన డబ్బాలతో తొట్ల దాకా పోదామని సాపు నేల మీంచి ఎక్కబోయి, బండీ తనూ కలిసి పడ్డారు. నిండు డబ్బా ఒలికి, యజమాని తరఫున షెడ్డు చూసుకునే అతని బావమరిది తెల్లబూట్ల మీద నూనె పారింది.

"వచ్చేవారం ఇదే రోజు సాయంత్రం, నా ముందు నేల మీంచి ఎక్కి చూపించు" అన్నాడు బావమరిది, బూటు ఎత్తి పట్టుకుని. "ఎక్కావా, బండి నీది. ఎక్కలేదా, మడ్డిగదిలో కూచో. అక్కడ పొడుగుతో పన్లేదు."

ఆ రోజు ఇవాళే.

ఊరు జానెడుకి మెట్లని బట్టే తెలుసు. ఈ హోటలు వెనక అరుగుంది, ఆ బేకరీ వెనక పగిలిన గట్టుంది, ఫలానా చోట ఏమీ లేదు గనక బండి సందు చివర ఆపి డబ్బాలు మోసుకు రావాలి. టీ బావుంటుందని పేరున్న కొట్టుకి వెళ్ళడం మానేశాడు. పాత స్నేహితుడి ఇంటికి పోవడం మానేశాడు, ఆ వీధి అరచెయ్యిలా సాపు. మనిషికి పొగరెక్కిందని చెప్పుకున్నారు. పొగరా పాడా, మెట్టు లేదు.

మధ్యాహ్నం ఆఫీసుల క్యాంటీన్ వెనక్కి వెళ్ళాడు. అక్కడి వంటామె నిలువెత్తు మనిషి, గొంతు గోడలు దాటుతుంది. మూకుడు వొంపుతుంటే నల్లటి నూనె తాళ్ళు తాళ్ళుగా దిగింది, చచ్చిన ఈగలు తేలుతూ. జానెడు ఊపిరి బిగపట్టి మొహం పక్కకి తిప్పాడు. డబ్బాలు కట్టుకున్నాక, ఆమె లోపలికి వెళ్ళిందనుకుని, అక్కడున్న గట్టు వదిలేసి నేల మీంచి ఒక ప్రయత్నం చేశాడు. మోకాలు ట్యాంకుకి ఠంగుమని కొట్టుకుంది. బొక్కబోర్లా సీటు మీద పడి, కాళ్ళు రెండూ గాలిలో వేలాడేసి, అటూ కాక ఇటూ కాక ఉండిపోయాడు.

"ఓరి నాయనో, పడతావయ్యా బుడ్డాయనా!"

అరుస్తూనే వచ్చి చంకల కింద చేతులేసి, ఎత్తి, చంటిపిల్లాణ్ణి కూచోబెట్టినట్టు సీటు మీద కూచోబెట్టింది. గిన్నెలు తోమిన తడిచేతులు. జిడ్డూ సబ్బూ కలిసిన నురగ అతని చొక్కాకి రెండువైపులా అంటుకుంది.

"వదులు! నేనెక్కుతా!"

"ఎక్కేశావుగా, ఇంకేం ఎక్కుతావ్? సిగ్గుపడకు. మా పిల్లలు ముగ్గుర్నీ ఇలాగే ఎత్తాను."

ఆమె మనసులో ఏ పాడూ లేదని తెలుసు. అదే ఇంకా అసహ్యంగా ఉంది. వెక్కిరిస్తే తిరిగి తిట్టొచ్చు, జాలిని ఏం చేస్తాం? చంకల్లో ఆ తడి ఆరేదాకా ఏ హోటలు దగ్గరా ఆగలేదు. తన కాళ్ళు తనకే రోత పుట్టాయి. ఎవరో చేసి మిగిలిన సామానుతో తనని అతికించినట్టున్నాయి అనుకున్నాడు.

మూతపడ్డ గోదాము వెనక ఎవరూ రారు. అక్కడ బండి సైడ్ స్టాండు వేసి, గోడకి ఆనుకుని, చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. కాలు విసరకు అంది పొద్దున భార్య. ఆమె మంచమెక్కడం అతనికి బాగా తెలుసు. నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుని ఉంటాడు గాని, ఆమె వచ్చేదాకా అతనికి నిద్ర పట్టదు. ఆమె ముందు ఊపిరి నిమ్మళించేదాకా ఆగుతుంది. ఒక చెయ్యి గోడకి. బరువంతా ఒక కాలి మీదికి. అప్పుడు మోకాలు మడిచి పైకి, దాని వెనకాలే పాదం, చప్పుడు లేకుండా. తొందరేమీ ఉండదు. పడతానన్న భయం ఉండదు.

చొక్కా అంచుతో ఫుట్‌రెస్ట్ తుడిచాడు, చెప్పు అడుగు తుడిచాడు. రెండు హ్యాండిళ్ళూ పట్టుకున్నాడు. మొదటిసారి జారాడు. తర్వాత తుంటి కలుక్కుమంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అమ్మనా బూతులు తిట్టాడు. మళ్ళీ లేచాడు. ఎన్నో సారికో గాని, మోకాలు గుండెకి తగిలింది, పాదం ట్యాంకు వెనక్కి దానంతటదే దిగింది, అతను సీటు మీద కూచుని ఉన్నాడు. "ఓసి నీ" అన్నాడు గట్టిగా. దిగాడు. మళ్ళీ ఎక్కాడు. వచ్చింది. మూతపడ్డ గోదాము వెనక ఒక్కడే నవ్వుకున్నాడు.

షెడ్డుకి చేరేసరికి నూనెవాళ్ళందరూ వచ్చేసి ఉన్నారు. వారమంతా ఎదురుచూసిన కబురు కాబట్టి ఎవడూ ఇంటికి పోలేదు. నేలంతా జిడ్డు, ఎక్కడ అడుగేసినా చెప్పు చప్పరించినట్టు లేస్తుంది. బావమరిది గుమ్మానికి ఆనుకుని ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ, ఎక్కు అన్నట్టు చెయ్యూపాడు.

జానెడు తొందరపడలేదు. చెప్పు తుడుచుకున్నాడు. హ్యాండిళ్ళు పట్టుకుని, ఊపిరి నిమ్మళించేదాకా ఆగాడు. ఎడమకాలి మీద లేచాడు. బండి కొంచెం వొంగి, స్టాండు మీద నిలబడింది. మోకాలు వచ్చింది, పాదం దాటింది, నిండు డబ్బాలు తొణకనైనా తొణకలేదు. ఎత్తుగా, నిటారుగా కూచున్నాడు. నవ్వుదామని నోరు తెరిచినవాళ్ళు అలాగే ఉండిపోయారు. "అబ్బో" అన్నాడెవడో, వెక్కిరింతగా కాదు.

బావమరిది ఫోను చెవి నుంచి తీశాడు. "ఎక్కేశావా? చూళ్ళేదే."

"బానే ఎక్కాడు సార్, మేం చూశాం" అన్నారు.

"మీరు చూస్తే నాకేంటి? దిగి మళ్ళీ ఎక్కమను. ఆగాగు, వీడియో తీస్తా, మా బావకి పంపాలి." ఫోను అడ్డంగా తిప్పి పట్టుకున్నాడు. మళ్ళీ ఏదో తోచి, గోడవారనున్న ఖాళీ డబ్బాని బూటు మొనతో దొర్లించుకొచ్చి బండి పక్కన బోర్లించాడు. "దీని మీద ఎక్కి, అక్కణ్ణించి ఎక్కు. అప్పుడు మజాగా ఉంటుంది. ఇదొక్కటి చెయ్, బండి నీదే."

జానెడుకి ఎక్కడం చేతనవునో కాదో ఆ మనిషికి అక్కర్లేదు. పడితే ఇంకా సంతోషం. జానెడు పైనుంచి చూశాడు. నడినెత్తి మీద పల్చబడ్డ జుట్టు, దానికి రాసుకున్న సువాసన నూనె, ఎత్తి పట్టుకున్న చేతికి ఉంగరం, నోటి చివర ముందుగానే సిద్ధంగా ఉన్న నవ్వు. తొట్టి అడుగున రేకు పెట్టినప్పటి రోతే పుట్టింది. ఇన్నేళ్ళూ తన కాళ్ళని చూసి తనే రోసుకుంటూ బతికాడు. రోత ఇక్కడ పెట్టుకుని అక్కడ వెతుక్కున్నాను కదరా అనుకున్నాడు.

దిగాడు. దిగడంలో అందమేమీ లేదు, పొట్ట సీటుకి రాసుకుంటూ జారాడు. బావమరిది ఫోను సరిచేసుకున్నాడు. జానెడు ఆ డబ్బా చుట్టూ తిరిగి వచ్చి, మునివేళ్ళ మీద లేచి, తాళంచెవి సీటు మీద పెట్టాడు.

"ఒకసారి ఎక్కాను కదండీ. చూడకపోవడం మీ ఇష్టం."

"మళ్ళీ ఎక్కితే అరిగిపోతావా? మడ్డిగది తెలుసుగా?"

"తెలుసు. దాన్లోకీ రాను."

రేపట్నుంచి తిండి ఎలాగో, ఇంటికెళ్ళి ఆవిడకి ఏమని చెప్పాలో ఏమీ తెలీదు. గేటు దాకా జిడ్డు నేల మీద జాగ్రత్తగా నడిచాడు. వెనక నుంచి ఒక కేక వినిపించింది, పేరు పెట్టి కాదు, జానెడూ అని. ఆగలేదు. రోడ్డు మీద జనంలో కలిస్తే అతన్ని వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఆ చివర ఎక్కడో భుజాల మధ్య నుంచి వెళ్ళిపోయాడు.

బావమరిది ఇంకాసేపు ఫోను అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నూనెవాళ్ళు ఒక్కొక్కరే బండ్లు తీసుకుని వెళ్ళిపోయారు. డబ్బా బోర్లించిన చోటే ఉంది, లోపలి అంచున మిగిలిన నల్లటి నూనె నేల మీదికి వలయంగా కారుతోంది, పైన రేకు మీద ఎవరి కాలి ముద్రా లేదు.