పన్నెండు డిస్కుల బ్యాగు

"తడి ఉంటే వేళ్లు జారతాయి. అంచులు గట్టిగా తుడువు," అని చెప్పి భర్త కారు కడిగించుకు రావడానికి వెళ్లిపోయాడు. ఎనిమిదేళ్లుగా ప్రతి శనివారం అతను ఈ మాట చెప్పే వెళతాడు. ఎనిమిదేళ్లుగా ఆమె తుడుస్తూనే ఉంది. అయినా చెప్పకపోతే మర్చిపోతుందేమోనని అతని భయం. బాత్రూములో బకెట్టు నిండా సబ్బునీళ్లు, అందులో పంతొమ్మిది ప్లాస్టిక్ డిస్కులు. మధ్యాహ్నం భోజనాల గిన్నెలు తోమి గంట కూడా కాలేదు, అప్పుడే ఇవి.

డిస్క్ గోల్ఫ్ అంటే గోల్ఫు లాంటిదే. బంతిని కొట్టే బదులు డిస్కు విసరాలి, గుంటకు బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడెయ్యాలి. పార్కులో చెట్ల మధ్య అలాంటి బుట్టలు పద్దెనిమిది. ఎవరు తక్కువ విసుర్లతో అన్నీ పూర్తి చేస్తే వాళ్లు గెలిచినట్టు. దూరం నుంచి చూస్తే పిల్లలాట. కానీ ఏ విసురుకి ఏ డిస్కు అన్నదగ్గరే ఆటంతా ఉంది. అంచు పలచగా ఉన్నది దూరం పోతుంది, మందంగా ఉన్నది దగ్గర్లో చెప్పిన మాట వింటుంది. కొత్తది చివర్లో ఎడమకి ఒరుగుతుంది, చెట్లకి తగిలి తగిలి అరిగింది కుడికి లాక్కుపోతుంది. ఎదురుగాలిలో అరిగినదాన్ని నమ్మితే పొదల్లో వెతుక్కోవాల్సిందే. బ్యాగులో పట్టేవి పన్నెండు. రేపు క్లబ్బువాళ్ల పెద్ద పోటీ. పంతొమ్మిదిలో ఏ పన్నెండు పెట్టాలి?

ఆ ప్రశ్న అతనికి ఎప్పుడూ రాలేదు. ఆదివారం పొద్దున్న బ్యాగు సిద్ధంగా ఉంటుంది, దాన్ని భుజాన వేసుకుని ఆమె వెనకే నడుస్తుంది. అతను విసిరే చోట నిలబడి, బుట్ట వైపే చూస్తూ, చెయ్యి మాత్రం వెనక్కి చాస్తాడు. ఆ చేతిలో ఏది పెట్టాలో ఆమె పెడుతుంది. డిస్కు బుట్ట పక్కన వాలితే అతని చెయ్యి మంచిది. చెట్టెక్కితే, "ఇదేం ఇచ్చావు?" అంటాడు.

ఆమె పనిచేసేది పళ్ల ల్యాబులో. కట్టుడు పళ్లు అరగదీసి, పక్క పన్నుతో కలిసిపోయేలా నున్నగా చెయ్యడం ఆమె పని. గోరు మందంలో పదోవంతు తేడాని కూడా బొటనవేలితో పట్టేస్తుంది. పెట్టుకున్నవాళ్లు అద్దంలో చూసుకుని మురిసిపోయి, డాక్టరుగారి చేతికి దండం పెట్టి వెళతారు. అది ఉద్యోగం, పోనీలే అనుకోవచ్చు. ఇంటికొచ్చాక అదే బొటనవేలితో డిస్కుల అంచులు తడిమి, ఏది ఎంత అరిగిందో, వచ్చే వారం ఎటు పోతుందో లెక్కేసుకోవడానికి మాత్రం ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

పోయిన ఆదివారం ఆ పేరూ పెట్టేశారు. ఆట అయ్యాక నలుగురు మగవాళ్లు నీడలో కూర్చుని ఉండగా ఒకాయన, "మీరెప్పుడూ సరిగ్గా కావాల్సినవే తెచ్చుకుంటారండీ, ఎలా ఎంచుతారు?" అని ఆమె భర్తని అడిగాడు. "నేనెక్కడ? మా ఆవిడే. రంగులు చూసి సర్దేస్తుంది. పాపం, తనకేం తెలుసు," అన్నాడు అతను. అందరూ నవ్వారు. భుజాన బ్యాగు పెట్టుకుని నిలబడి ఆమె కూడా నవ్వింది. వాళ్లు నవ్వినందుకు కాదు, తను కూడా నవ్వినందుకు వారం రోజులుగా ఆమెకి ఒళ్లు మండుతూనే ఉంది.

హాల్లో పాత దుప్పటి పరిచి, తుడిచినవన్నీ వరసగా పెట్టి, రేపు గాలి ఎలా ఉంటుందో ఫోనులో చూస్తుండగా క్లబ్బు సెక్రటరీ ఫోను చేసింది. ఆవిడ రిటైరైన నర్సు, మాట తిన్నగా ఉంటుంది.

"ఆడవాళ్ల విభాగంలో ముగ్గురే ఉన్నారమ్మా. నాలుగో మనిషి లేకపోతే రద్దు చేసేస్తారు. మీరు ఆడాలి. ఆరింటికల్లా చెప్పండి."

"నేనా? నేనెప్పుడు ఆడానండీ?"

"పొదల్లోకి వెళ్లి వెతికి, బాట మీదకి విసురుతారు చూడండి, అది నేను చూట్టంలేదనుకున్నారా? మీ ఆయన విసిరి పోగొట్టినదాని కన్నా అదే తిన్నగా వస్తుంది. మూడేళ్లుగా ఏటా ఈ పోటీ ముందు మీ ఆయనకి చెబుతూనే ఉన్నాను కదా. మీకు ఆసక్తి లేదనీ, ఎండ పడదనీ అంటారు."

ఆమె సాయంత్రం చెబుతానని ఫోను పెట్టేసింది. ఎండ పడదట. ఎనిమిదేళ్లుగా ఆ బ్యాగు మోస్తున్నది మరి వెన్నెల్లోనా? మూడుసార్లు తనని అడిగారు, మూడుసార్లు తను వద్దంది, ఆ సంగతి తనకే తెలీదు. అడిగి ఉంటే వద్దనే అనేదేమో. అప్పుడు అది తను అన్న వద్దు అయ్యేది.

సోఫాలో ఉన్న అత్తగారికి మాటలన్నీ వినిపించాయి. "వాడికి వారానికి ఒక్కపూట సరదా. మగాళ్లకీ ఆడాళ్లకీ ఒకే టైముకి మొదలవుతుందని నువ్వే చెప్పావుగా. నువ్వూ ఆటకి పోతే వాడి వెంట ఎవరుంటారమ్మా?" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఆవిడకి నిజంగానే అది పెద్ద సందేహం. "ఆడదాని చేతికి పళ్లెం ఇచ్చేది వడ్డించడానికి. విసరడానికా?" అని తన మాటకి తనే నవ్వుకుంది కూడా. ఆమె మళ్లీ దుప్పటి ముందు కూర్చుంది.

అలవాటుగా చేతులు అతని పన్నెండూ తీశాయి. రేపు ఎదురుగాలి, కాబట్టి బరువైనవి, కొత్తవి. నల్లది, నారింజది, అంచు ఇంకా గరుగ్గా ఉన్న పచ్చది. పచ్చదాన్ని పట్టుకుని, కూర్చున్నచోటే మణికట్టు విసురుతున్నట్టు తిప్పి చూసింది. తన బలానికి ఇది నాలుగు బారలు పోయి ఎడమకి కూలబడుతుంది. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఒక డిస్కుని తన చేతికి కొలిచి చూసుకుంది. దుప్పటి మీద మిగిలిన ఏడూ అతను ఆట మొదలుపెట్టిన కొత్తలో కొని, చెయ్యి తిరిగాక "తేలిక సరుకు" అని పక్కన పడేసినవి. వాటిలో మరీ అరిగిన రెండింటిని తీసేసింది. ఐదు మిగిలాయి. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంటుంటే ఎవరో తన కోసమే అరగదీసి ఉంచినట్టు అమిరాయి.

భయం మాత్రం పోలేదు. నలుగురి ముందు విసిరింది ఎన్నడూ లేదు. మొదటి విసురే పొదల్లోకి పోతే ఏడాది పాటు అతను ఆ కథ చెప్పుకుంటాడు. దానికన్నా భయం, ఇంట్లో మౌనం. కోపం వస్తే అతను అరవడు, మాట్లాడటం మానేస్తాడు. తిన్న కంచం అలాగే వదిలి లేస్తాడు, తలుపులు కాస్త గట్టిగా వేస్తాడు. మొదటి రోజు ఆమె కూడా బిగుసుకునే ఉంటుంది. మూడో రోజుకి, తప్పు ఎవరిదైనా, తనే ముందు పలకరిస్తుంది. రేపటి నుంచి లెక్కేస్తే ఈసారి మూడో రోజు మంగళవారం అవుతుంది. మంగళవారం దాటగలనా అని తనని తనే ప్రశ్నించుకుంది. తెలీదు. తెలీకుండానే ఆరింటికి పది నిమిషాల ముందు ఫోను చేసి, పేరు రాసుకోమంది.

అతను వచ్చేసరికి బ్యాగు ఖాళీగా గోడకి ఆనించి ఉంది. పద్నాలుగు డిస్కులు దుప్పటి మీద ఉన్నాయి.

"ఇంకా సర్దలేదేంటి?"

"రేపు నేనూ ఆడుతున్నానండీ. పేరిచ్చాను. నావి ఐదు తీసుకున్నాను."

అతను నవ్వబోయి ఆగాడు. "ఎవర్నడిగి ఇచ్చావు?"

"నాకు చెప్పకుండా మీరు మూడుసార్లు వద్దన్నారు. మీకు చెప్పకుండా నేను ఒక్కసారి సరేనన్నాను."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఎండలో నువ్వు ఇబ్బంది పడతావనే కదా అన్నాను," అన్నాడు. అత్తగారు టీవీ శబ్దం తగ్గించింది.

కాసేపటికి అతను దుప్పటి మీద కూర్చున్నాడు. ఒకటి తీసి బ్యాగులో పెట్టాడు, మళ్లీ బయటికి తీశాడు. ఇంకోటి తీసి, తిరగేసి, అంచు మీద వేలు పెట్టి, ఏం చూడాలో తెలీక అలా పట్టుకునే ఉండిపోయాడు. నలభై నాలుగేళ్ల మనిషి, తన వస్తువుల మధ్య తనే కొత్తవాడిలా కూర్చున్నాడు. ఆమెకి జాలేసింది. ఎనిమిదేళ్లుగా ఆమెని పనిలోకి దింపింది ఈ జాలే. నల్లదీ నారింజదీ ముందు పెట్టుకోండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి మింగేసింది. అతన్ని తిట్టడమైనా ఇంతకన్నా తేలిగ్గా ఉండేది.

"రేపు గాలి ఎటు నుంచి?" అని అడిగాడు అతను, తలెత్తకుండా.

"పొద్దున్నే లేచి కిటికీ తీసి చూడండి," అంది ఆమె.