కరక్కాయ చెప్పని సంగతి

వెంకటనర్సు నమ్మని సంగతులన్నీ చెప్పుకుంటూ పోతే మగ్గం మీద ఒక చీర దిగేంత సేపు పడుతుంది. చౌటుప్పల్ దాటి లోపలికి వెళితే వచ్చే నేతగాళ్ళ ఊరు అతనిది. పొద్దున ఏడు కాగానే యోహాను హోటల్లో బల్ల మీద కూర్చుని, పేపరు విప్పి, ఒక్కో వార్తనూ పట్టుకుని నిలదీసేవాడు. చదివేది సగం, అడిగేది సగం. చాయ్ కోసం వచ్చినవాళ్ళు ఆ ప్రశ్నలు వినడానికే ఇంకో చాయ్ చెప్పేవారు.

ఏదో ఉల్క భూమికి దగ్గరగా వస్తోందని పేపర్లో పడితే, "దగ్గరంటే ఎంత దగ్గర? చౌటుప్పలంత దగ్గరనా, చంద్రుడంత దగ్గరనా? గది రాయకుంటే నేనెట్ల భయపడాలె?" అనేవాడు. కొత్త సినిమాలో హీరోయిన్ మగ్గం మీద కూర్చుని పాట పాడిందని ఊరంతా మురిసిపోతే, "కాళ్ళు కదపకుండ గుడ్డ ఎట్ల దిగిందిరా? చేతుల పోగు తోసే నాడె గూడ లేకపాయె" అని ఆ మురిపెం మీద నీళ్ళు చల్లాడు. అలాగని అన్నిటినీ కొట్టిపారేసే రకం కాదు. చంద్రుడి మీద మనవాళ్ళు దిగింది ఉత్త గ్రాఫిక్స్ అని ఒకడు ఫోన్లో వీడియో చూపిస్తే వాడితో గంటసేపు వాదించాడు. "ఊకె నమ్మకపోవుడు గూడ ఊకె నమ్మినట్టే" అని తేల్చాడు.

"నర్సన్న చెప్పిండు" అంటే ఊళ్ళో ఆ మాటకు ముద్ర పడినట్టే. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలియనట్టు నటించేవాడు గానీ, లోపల ఎంత సంబరపడేవాడో అతని భార్య గుర్వమ్మకు బాగా తెలుసు.

మే నెలలో ఒక పొద్దున హోటల్ ముందర కారు ఆగింది. మెడలో టై కట్టుకున్న అశోక్‌కుమార్ అనే యువకుడు దిగి, నీళ్ళు శుభ్రం చేసే మిషన్ గురించి చెబుతానని అందరినీ పిలిచాడు. రెండు గ్లాసులు బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో ఊరి నల్లా నీళ్ళు, ఇంకోదాంట్లో తన మిషన్ నీళ్ళు. ఒక్కో గ్లాసులో రెండేసి కడ్డీలు దించి కరెంటు పెట్టాడు. చూస్తుండగానే నల్లా నీళ్ళు బురదగా మారి, పైన ముదురు గోధుమరంగు తెట్టె కట్టింది. మిషన్ నీళ్ళు మాత్రం తేటగానే ఉన్నాయి.

"చూసిండ్రా? రోజూ మీ కడుపులకు పోయేది గిదే" అన్నాడు అశోక్‌కుమార్.

జనంలో నిలబడి చూస్తున్న గుర్వమ్మ బెదిరిపోయింది. నీళ్ళంటే ఆమెకు ఉన్న భయం ఊరికే వచ్చింది కాదు. ఆమె తమ్ముడు భిక్షం చిన్నప్పటి నుంచీ బోరునీళ్ళు తాగి పెరిగాడు. ఆ నీళ్ళల్లోని ఫ్లోరైడు ఎముకలకు పట్టి, ముప్పై ఏళ్ళకే నడుము వంగిపోయింది. నలభై నిండకుండానే పోయాడు. నల్లాల్లోకి కృష్ణ నీళ్ళు వచ్చిన తర్వాతే ఆమె కాస్త కుదుటపడింది. ఇప్పుడు కూతురు ప్రియాంక కాన్పుకు వచ్చి ఇంట్లో ఉంది, ఏడో నెల. తల్లి పక్కనే నిలబడి ఆ గ్లాసులు చూస్తున్న ప్రియాంక, చేతిలో ఉన్న నీళ్ళ సీసాను మెల్లగా కింద పెట్టేసింది.

వెంకటనర్సు మాత్రం ఆ గోధుమరంగునే చూస్తున్నాడు. ఎక్కడో చూసిన రంగు. గ్లాసు మీదికి వంగి కడ్డీలను పరీక్షగా చూసి, "గివి దేనియి తమ్మీ? ఇనుపవా?" అని అడిగాడు.

"ఏవైతేంది పెద్దనాయినా, మలినం బయటికొచ్చిందా లేదా?"

వెంకటనర్సు ఇంటికి వెళ్ళి, నూలు అద్దకానికి దంచి పెట్టుకున్న కరక్కాయ పొడి గుప్పెడు పట్టుకొచ్చాడు. అద్దకం పనిలో ఉన్న ఎవరికైనా ఇది చెప్పనక్కర్లేదు. కరక్కాయ నీళ్ళకు ఇనుము తగిలిందంటే నల్లబడి తీరుతుంది. ఒక్క తుప్పు మేకు పడితే చాలు, కుండెడు నూలు పాడవుతుంది. అందుకే ఆ కుండల దగ్గరికి ఇనుప గరిటెను కూడా రానివ్వరు. అతను తేట నల్లా నీళ్ళు ఇంకో గ్లాసులో పట్టి చిటికెడు పొడి వేశాడు. లేత పసుపు రంగు వచ్చింది, అంతే. తర్వాత ఆ బురదనీళ్ళలో వేసి కలిపాడు. సిరా పోసినట్టు నల్లబడ్డాయి.

"మలినం మా నీళ్ళల్లది గాదు తమ్మీ. నీ కడ్డీలు కరిగినయి" అన్నాడు.

హోటలంతా ఈలలు. అశోక్‌కుమార్ ముఖం చిన్నబోయింది. అతనికి నిజంగానే తెలియదని చూస్తే అర్థమవుతుంది. ఎవరో నేర్పిన ఆటను నమ్మి ఆడుతున్నాడు. వెంకటనర్సు గ్లాసులో నల్లా నీళ్ళు పట్టి ప్రియాంక చేతికిచ్చి, "తాగు బిడ్డా, ఏం ఫికర్ లేదు" అన్నాడు. ఆమె గటగటా తాగింది. తాగేవరకూ ఎవరూ కదలలేదు.

ఇంటికి వచ్చాక గుర్వమ్మ ఒక్కటే అడిగింది. "రెండు గ్లాసులల్ల పెట్టింది అవే కడ్డీలు గదా. ఆయన నీళ్ళల్ల కరగనియి మన నీళ్ళల్ల ఎందుకు కరిగినయి?"

"అది వేరే సంగతిలేవే" అన్నాడు వెంకటనర్సు.

వేరే సంగతి అంటే ఏమిటో అతనికీ తెలియదు. ఆ ప్రశ్న మాత్రం వదల్లేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నా అదే, పేపరు చదువుతున్నా అదే. హోటల్లో జనం కరక్కాయ కథ మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటున్నారు. చెబుతున్నప్పుడల్లా ఆ మిషన్ నీళ్ళ గ్లాసు దగ్గరికి వచ్చేసరికి నాలుక తడబడేది. అడిగినవాడే లేడు, ఒక్క గుర్వమ్మ తప్ప. పదో రోజున సిగ్గు విడిచి, సీసాలో నల్లా నీళ్ళు పట్టుకుని నల్గొండ బస్సెక్కాడు.

నీళ్ళు పరీక్ష చేసే చోట గ్లోరీ అనే అమ్మాయి ఉంది. అతని ప్రశ్న విని నవ్వలేదు, కుర్చీ వేసింది. నీళ్ళలో ఉప్పులూ ఖనిజాలూ కరిగి ఉంటేనే కరెంటు బాగా పారుతుందనీ, అప్పుడే కడ్డీ కరుగుతుందనీ చెప్పింది. ఆ మిషన్ నీళ్ళలో అవి దాదాపు ఉండవట. "ఉప్పులున్నంత మాత్రాన నీళ్ళు చెడ్డవి కావు పెద్దనాయినా. అందులో ఏమున్నదనేదే లెక్క" అంది. ఆ మాట అతనికి తెగ నచ్చింది. హోటల్లో చెప్పడానికి మనసులోనే కూడబెట్టుకున్నాడు.

గంట తర్వాత ఆమె కాగితం చూస్తూ, "బోరు నీళ్ళా ఇవి?" అని అడిగింది.

"కాదమ్మా, కృష్ణ నీళ్ళు."

"కృష్ణ నీళ్ళల్ల ఇంత ఫ్లోరైడు ఉండదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక్కడ రెండు పాయింట్ ఎనిమిది ఉంది."

వెంకటనర్సు వెంటనే ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల సంగతి చెప్పాడు. కొన్నాళ్ళు తాగినంత మాత్రాన ఏమీ కాదనీ, ఏళ్ళ తరబడి తాగితేనే ఎముకలకు పడుతుందనీ, అయినా ఇవాళ్టి నుంచే మానెయ్యమనీ ఆమె నిదానంగా చెప్పింది.

బస్సు దిగి నేరుగా ట్యాంకు దగ్గరికి వెళ్ళి, నీళ్ళు వదిలే ఎల్లస్వామిని అడిగాడు. అతను దాచలేదు. "ఎండకాలం పైనుంచి నీళ్ళు సరిగ వస్తలేవన్నా. ట్యాంకు నిండకుంటే ఊరంత నన్నే తిడుతది. జర పాత బోరు కలుపుతున్న" అన్నాడు.

వెంకటనర్సు ఇంట్లోకి అడుగు పెట్టేసరికి ప్రియాంక గ్లాసు ఎత్తుతోంది.

"తాగకు బిడ్డా."

"ఏమైంది బాపూ? మంచిగున్నయని నువ్వే గదా చెప్పినవ్?"

ఆ మాట అతన్ని నిలువునా కోసింది. "నేను ఇనుము సంగతి చెప్పిన బిడ్డా. నీళ్ళ సంగతి నాకు ఎరుకలేదు. ఎరుకలేకనే చెప్పిన" అన్నాడు. గ్లోరీ చెప్పిందంతా వివరించి, కొన్నాళ్ళకే ఏం కాదన్న మాట రెండుసార్లు చెప్పాడు. గుర్వమ్మ బిందె ఎత్తి వాకిట్లో పారబోసింది.

"మా భిక్షానికి గూడ మొదాల అందరు ఏం గాదనే అన్నరు" అంది.

ఆమె అరిచి ఉంటే బాగుండేదనిపించింది వెంకటనర్సుకు. చౌటుప్పల్ వెళ్ళి మంచినీళ్ళ క్యాను తెచ్చి ఇంట్లో దించి, కూర్చోకుండా హోటలుకు నడిచాడు. అందరూ బల్ల మీద చోటిచ్చారు. అతను కూర్చోలేదు.

"కరక్కాయ సంగతి నిజం. నీళ్ళు మంచియని చెప్పింది మాత్రం తప్పు. నన్ను చూసి తాగుతున్నోళ్ళు ఇయ్యాల్టి నుంచి తాగకుండ్రి" అన్నాడు.

యోహాను చాయ్ వడబోస్తూ ఆగిపోయాడు. "అయితే ఆ మిషన్ పిలగాడు చెప్పిందే నిజమా అన్నా?"

"వాడు చూపింది మాయ. నీళ్ళల్ల ఉన్నది నిజం. ఆ మాయ పట్టుకున్ననని మురిసి నేను అసలుది చూడలే."

మూల నుంచి ఎవరో, "కంపెనీ వాళ్ళు నిన్ను గూడ తిప్పుకున్నట్టున్నరు" అన్నారు. కొందరు నవ్వారు. వెంకటనర్సుకు కోపం రావలసింది, రాలేదు. ఆ అనుమానంలో తప్పేముందని నిజంగానే అనిపించింది.

"నన్ను నమ్మకుండ్రి. ఎవరి సీస వాళ్ళే నింపుకోండ్రి. రేపు పొద్దుగాల బస్సుకు పోదాం" అన్నాడు.

మర్నాడు తొమ్మిది మంది వచ్చారు. సీసాల మీద పేర్లు రాసుకున్నారు, యోహాను అయితే మూత మీద మైనం కూడా పోశాడు. ఇంత మంది నీళ్ళు పట్టుకుని ఏ జాతరకు పోతున్నారని కండక్టర్ అడిగాడు. బస్సు కదలబోతుండగా గుర్వమ్మ గబగబా వచ్చి ఎక్కింది. ఆమె చేతిలోనూ ఒక సీసా ఉంది.

"మన ఇంటి నీళ్ళు నేను చూపిచ్చిన గదనే?" అన్నాడు వెంకటనర్సు.

"అవి నువ్వు నింపినయి" అంది గుర్వమ్మ. "ఇవి నేను నింపిన."

వెంకటనర్సు పక్కకు జరిగి, ఆమెకు కిటికీ దగ్గర చోటిచ్చాడు.