మార్నీ తరఫు మనిషి

డ్రయ్యర్ తలుపు తీయగానే వేడి మొహానికి కొట్టింది. ఇర్మా వోండ్రా దుప్పట్లను చేతులనిండా ఎత్తి బల్ల మీద కుమ్మరించి, అంచులు వెతికి పట్టుకుని మడతలు వేయసాగింది. పొట్టి మనిషి, వాచిన మోకాళ్ళు, బ్లీచింగుకి పగిలి, మాని, మళ్ళీ పగిలిన వేళ్ళు. ఆ వృద్ధాశ్రమం నేలమాళిగలో ఆమె పనిలో చేరిననాడు పైన మంచాల మీద ఉన్నవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఆనాటి దుప్పట్లు మాత్రం కొన్ని ఇంకా ఉన్నాయి.

"ఏమే, ఇవాళ కూడా కోర్టేనా? ఓ నల్లకోటు కుట్టించుకోరాదూ, పీడా పోతుంది!" అంది బల్లకి అవతల దిండు గలీబులు సర్దుతున్న రమోనా.

"నాకు నల్లకోటేమిటే! పొయ్యిగొట్టంలా ఉంటాను."

"దమ్మిడీ రాని పనికి ఇంత ఆరాటం నీకే చెల్లింది. అయినా ఆ పిల్ల సంగతి ఇవాళ తేలిపోతుందిగా?"

"తేలిపోతుంది" అంది ఇర్మా. మడత వంకర పోయింది. విప్పి మళ్ళీ వేసింది.

మార్నీకి ఎనిమిదేళ్ళు. తల్లి మత్తుమందుల్లో మునిగిపోతే ప్రభుత్వం పిల్లని తీసుకుంది. పోయిన చలికాలం కోర్టు ఆ తల్లికి పిల్ల మీదున్న హక్కు కూడా తెంచేసింది. ఈలోగా పిల్ల బాగోగులు చూసే ఉద్యోగులు మారారు, లాయర్లు మారారు, ఉంచిన ఇళ్ళు మారాయి. మారనిది ఇర్మా ఒక్కతే. ఇలాంటి పిల్లలకి కోర్టు ఊళ్ళోవాళ్ళలోంచే ఒకరిని తోడు వేస్తుంది. జీతం బత్తెం లేవు. వారం వారం పిల్లని చూసి రావాలి, బడిలో టీచరుతో మాట్లాడాలి, పెంచుతున్నవాళ్ళ వంటింట్లో కాసేపు కూర్చోవాలి. ఆఖరికి జడ్జి ముందు నిలబడి రెండు మాటలు చెప్పాలి: పిల్ల ఏం కోరుతోంది, పిల్లకి ఏది మంచిది. రెండూ ఒకటే కానక్కర్లేదు, ఏదీ దాచకూడదు.

చర్చిలో కొలాచీలనే తీపి రొట్టెలు అమ్ముతున్న రోజున గోడ మీద ప్రకటన చూసి చేరింది ఇర్మా. భర్త లియొనార్డ్ బతికున్నన్నాళ్ళూ ట్రాక్టరు కొన్నా, ఆవుల్ని అమ్మినా ఆమెని ఒక మాట అడిగి ఎరగడు. చెడ్డవాడు కాదు. అడగాలని తోచలేదు, అంతే. వృద్ధాశ్రమంలో అయితే ఆ ప్రశ్నే లేదు. అలాంటిది, స్తంభాలున్న భవనంలో ఎత్తుగా కూర్చున్న జడ్జి తలెత్తి "మిసెస్ వోండ్రా, మీరేమంటారు?" అని అడిగినప్పుడల్లా ఆమెకి ఒళ్ళు జలదరించేది. ఎన్నిసార్లు అడిగినా ఆ జలదరింపు పాతబడలేదు.

మొదట్లో ఒక పొరపాటు చేసింది. ఈ పనికి కొత్తగా వచ్చినవాళ్ళంతా చేసేదే. బిక్కుబిక్కుమంటున్న పిల్లని చూసి మనసాగక "నీకేం భయం లేదు, ఈ ఇంట్లోనే ఉంటావు" అనేసింది. మరుసటి వారమే ఇల్లు మార్చారు. మార్నీ ఆమెతో మాట్లాడటం మానేసింది. ఇర్మా వెళ్ళేది, కూర్చునేది, వచ్చేసేది. చివరికి ఒకరోజు "ఇంక నేను ఏ మాటా ఇవ్వనమ్మా. నువ్వేం చెప్పమంటే అది జడ్జిగారికి చెప్తాను. నా చేతిలో ఉన్నది అదొక్కటే" అంది. పిల్ల గోడకేసి చూస్తూనే "మార్చకుండా?" అని అడిగింది. ఆ మాటతో మళ్ళీ మాటలు మొదలయ్యాయి.

ఇవాళ తేలాల్సింది మార్నీ ఎవరి పిల్ల అన్నది. ఇప్పుడున్న ఇంటివాళ్ళు పెద్దయ్యేదాకా ఉంచుకుంటారు గానీ కూతురనుకోరు. వయోమింగ్‌లో గొర్రెలు మేపే గ్లెండా, అంటే తల్లికి పిన్ని, పెంచుకుంటానంటోంది. మంచు పడనీ, గాలి కొట్టనీ, నెలనెలా రాష్ట్రం దాటి వచ్చి ఒక్క గంట పిల్లతో కూర్చుని తిరిగి వెళ్ళేది. ముద్దులు లేవు, ముచ్చట్లు లేవు. కమలాపండు ఒలిచి సగం పిల్లకిచ్చి సగం తను తినేది. ఆ గంటలో మార్నీ భుజాలు కిందికి దిగడం ఇర్మా ప్రతిసారీ చూసింది. పిల్ల ఇక్కడే ఉంటే ఇర్మా వారం వారం చూడొచ్చు. గ్లెండాతో వెళితే కేసు మూతపడుతుంది, ఆ తర్వాత వాళ్ళు పిలిస్తే తప్ప ఇర్మా గడప తొక్కకూడదు. ఇదంతా తెలిసే గ్లెండాకి ఇమ్మని చెప్పాలని నిశ్చయించుకుంది.

కోర్టు వరండాలో బెంచీ మీద కాళ్ళూపుతూ కూర్చుంది మార్నీ. ఇర్మా పక్కన కూలబడి, అడగాల్సింది అడిగింది.

"ఇవాళ జడ్జిగారికి ఏం చెప్పమంటావు?"

కాళ్ళు ఆగాయి. "ఏదైనా చెప్పొచ్చా?"

"ఏదైనా."

"గ్లెండా అమ్మమ్మ మంచిదే. కానీ నేను నీ దగ్గర ఉంటానని చెప్పు."

ఇర్మా పిల్ల వైపు తిరిగింది. "అది కుదరదు బంగారం. నీ తరఫున మాట్లాడేవాళ్ళు నిన్ను తమకిమ్మని అడగకూడదు."

"నువ్వు అడగొద్దు. నేను అడిగానని చెప్పు."

ఇర్మా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. చెబితే, ఈవిడే పిల్లకి నూరిపోసిందని జడ్జి అనుకోవచ్చు. అప్పుడు గ్లెండా గురించి తను చెప్పే మంచికి కూడా విలువ ఉండదు, పిల్ల నోటి దగ్గరి కూడు తనే తన్నినట్టవుతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. వరండాలో ఇంకెవరూ లేరు మరి.

లోపలి నుంచి పిలుపు వచ్చింది, ఇద్దరూ వెళ్ళారు. జడ్జి తలెత్తారు. "మిసెస్ వోండ్రా, మీరేమంటారు?"

"అయ్యా, పిల్ల నా దగ్గర ఉంటానంటోంది." ఇర్మా తల దించలేదు. "అది తన మాట. తనన్నట్టే చెప్పాను. నా మాట వేరు. గ్లెండా గారికి ఇవ్వండి. అక్కడ పిల్ల నిమ్మళంగా ఉంటుంది."

ప్రభుత్వ లాయరు రాయడం ఆపాడు. ముందు వరుసలో గ్లెండా మొహం గడ్డకట్టింది. జడ్జి కళ్ళజోడు తీశారు.

"మీరు పిల్లకి ఏమైనా ఆశ పెట్టారా?"

"లేదండీ."

అప్పుడు వెనక కుర్చీ చప్పుడైంది. మార్నీ లేచి నిలబడింది.

"తను పెట్టలేదు. కుదరదని ముందే చెప్పింది. అయినా నేనే చెప్పమన్నాను."

"కుదరదని తెలిసీ ఎందుకు చెప్పమన్నావమ్మా?"

"మీకు తెలియాలని."

ఇర్మా వెనక్కి తిరిగి ఆ పిల్లని చూసింది, మొదటిసారి చూస్తున్నట్టు. అరవై దాటిన బతుకులో తను ఏనాడూ, రాదని తెలిసినదాన్ని, 'నాకది కావాలి' అని నలుగురిలో పైకి అనలేదు. కనీసం తనకి తను కూడా చెప్పుకోలేదు. పిడికెడంత పిల్లకి ఇంత వెన్నెముక ఎవరిచ్చారు? తల్లి కాదు, ఆ మారిన ఇళ్ళు కాదు. దేవుడే స్వయంగా కూర్చుని చేసి ఉంటాడని అనిపించి ఆమెకి చేతులు జోడించాలనిపించింది.

గ్లెండా గొంతు సవరించుకుంది. "ఆవిడ దగ్గర ఉంటానందంటే పిల్లకి మనుషుల్ని పోల్చుకోవడం వచ్చన్నమాట. నాక్కూడా కాస్త టైమివ్వండి, నన్నూ పోల్చుకుంటుంది."

జడ్జి కళ్ళజోడు పెట్టుకుని మార్నీని గ్లెండాకి అప్పగిస్తూ ఉత్తర్వు చదివారు. చివర ఒక వాక్యం ఉంది, ప్రతి కేసులోనూ ఉండేదే: పిల్ల తరఫున నియమించిన వ్యక్తిని కృతజ్ఞతలతో ఆ బాధ్యత నుంచి తప్పించడమైనది. అంతటితో ఇర్మా మార్నీకి ఏమీ కాదు.

బయట కోర్టు వెనక గ్లెండా పికప్ బండి ఆగి ఉంది. పిల్ల బాగోగులు చూసే ఉద్యోగిని వచ్చి, మార్నీ బట్టలు తెచ్చి పెట్టింది. ఈ పిల్లలందరి సామానూ ఇల్లు మారినప్పుడల్లా వచ్చినట్టే, నల్లటి చెత్తసంచిలో. గ్లెండా దాన్ని చూసి పెదవి బిగించి, బండిలోంచి ఒక పెట్టె దించింది. "మనుషుల బట్టలు ఇందులో పెట్టరు" అని ఒక్కొక్కటే తీసి పెట్టెలో సర్దింది. జత తప్పిన మేజోడు కూడా వదల్లేదు.

మార్నీ వచ్చి ఇర్మా ముందు నిలబడింది. ఏడవలేదు.

"చెప్పావు" అంది. "మార్చలేదు."

ఇర్మా తలూపింది. పిల్ల ఆమె పగిలిన వేళ్ళని ఒకసారి పట్టుకుని వదిలేసి, బండెక్కి కూర్చుంది. గ్లెండా అద్దం దించి "ఉంటానమ్మా" అంది. బండి ధాన్యం గోదాములు దాటి, పడమటి రోడ్డుకి మళ్ళింది. ఇర్మా దుమ్ము అణిగేదాకా నిలబడింది. అవతల నేలమాళిగలో రెండో వాయి దుప్పట్లు ఆరి ఉంటాయి, వెళ్ళాలి.

ఖాళీ సంచి ఇంకా అరుగు మీదే పడి ఉంది. మూతి దగ్గర, ముడి వేసే చోటికి కాస్త కింద, ఇంటింటికీ మోస్తూ చిన్న వేళ్ళు పట్టి పట్టి సాగిన రెండు చిల్లులు.